ఎండా నీడా ఒకే ఫొటోలో

లేపాక్షి వీరభద్రాలయంలో మిట్టమధ్యాహ్నం మండపంలో నిలబడి తలెత్తితే పైకప్పు మీది కిరాతార్జునీయం బొమ్మలు కనబడతాయి. తల దించి స్తంభాల సందుల్లోంచి చూస్తే ఎండకు మిలమిలలాడే రాతి ప్రాంగణం, దాని మీద నీలాకాశం కనబడతాయి. కంటికి రెండూ ఏ ఇబ్బందీ లేకుండా అందుతాయి. అక్కడే నిలబడి పైకప్పూ ప్రాంగణమూ ఒకే ఫ్రేములో పడేలా కెమెరా పట్టుకుంటే తంటా మొదలవుతుంది. బొమ్మలు కనబడేలా ఎక్స్‌పోజర్ పెడితే బయటంతా తెల్లగా కొట్టుకుపోతుంది. ఆకాశం నీలంగా రావాలని తగ్గిస్తే లోపలంతా చీకటి. మధ్యస్థంగా పెడితే రెండూ సగం సగం చెడతాయి.

కెమెరా నాసిది కాబట్టే ఇలా వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఖరీదైనది కొంటే చిక్కు కొంత తగ్గుతుందేగానీ పోదు. లోకంలోని వెలుగు ఒక కొలతలో ఉంటుంది, దాన్ని పట్టే సెన్సర్ ఇంకో కొలతలో, చివరికి ఫొటోను చూపే తెరా కాగితమూ మరీ చిన్న కొలతలో ఉంటాయి. ఈ తేడాను దాటడానికే హై డైనమిక్ రేంజ్ ఫొటోగ్రఫీ పుట్టింది. హెచ్‌డీఆర్ అంటే ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ అందులో రెండు వేర్వేరు పనులున్నాయన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. దృశ్యంలోని వెలుగును పూర్తిగా కొలిచి దాచుకోవడం మొదటి పని. అలా దాచుకున్నదాన్ని తెరకు పట్టేలా కుదించడం రెండోది, దాని పేరే టోన్ మ్యాపింగ్. మొదటిది లెక్క. రెండోదానిలో మన తీర్పు ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే హెచ్‌డీఆర్‌కు చెడ్డపేరు వచ్చిందని నా నమ్మకం.

ముందు వెలుగు కొలతలు చూద్దాం. నడినెత్తిన సూర్యుడుంటే నేల మీద పడే వెలుగు దాదాపు లక్ష లక్స్. ట్యూబ్‌లైటు వేసిన గదిలో అది 100 నుంచి 300 లక్స్. నిండు పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో నాలుగోవంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ మూడు చోట్లా మనం తిరగగలుగుతున్నాం, మనుషుల్ని పోల్చుకోగలుగుతున్నాం. ఇదంతా కంటిపాప చిన్నదీ పెద్దదీ కావడం వల్లేనని బడిలో చదువుకున్నాం. కానీ కంటిపాప రెండు మిల్లీమీటర్ల నుంచి ఎనిమిది దాకా విప్పారినా దాని వైశాల్యం పదహారు రెట్లే పెరుగుతుంది. మిగతా పనంతా రెటీనాదీ దాని వెనకున్న నరాలదీ. పైగా కన్ను ఒక్క చూపులో మొత్తం దృశ్యాన్ని పట్టదు. బొమ్మ మీద ఆగినప్పుడు బొమ్మకు తగ్గట్టు, ఆకాశం మీదికి మళ్లినప్పుడు ఆకాశానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆ ముక్కలన్నీ కలిపి ఒకే దృశ్యంగా మనకు అందించేది మెదడు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. షట్టర్ తెరిచి మూసే ఆ కాస్త సమయంలో ఫ్రేములోని ప్రతి మూలకూ ఒకే ఎక్స్‌పోజర్.

ఫొటోగ్రాఫర్లు వెలుగును స్టాపుల్లో లెక్కపెడతారు. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు. పది స్టాపులంటే 1024 రెట్లు, పద్నాలుగంటే 16,384 రెట్లు. ఇవాళ్టి మంచి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు దాదాపు 14 స్టాపుల తేడాను ఒక్క ఫొటోలో పట్టగలవు. మామూలు కంప్యూటర్ తెర చూపగలిగేది పది స్టాపులకు కాస్త అటూ ఇటూ. కాగితం మీద ముద్రిస్తే అంతకంటే బాగా తక్కువ.

14 స్టాపులు చాలవా అంటే, అంకె చూస్తే చాలనిపిస్తుంది. సెన్సర్ లోపల జరిగేది చూస్తే ఎందుకు చాలవో తెలుస్తుంది. ప్రతి పిక్సెల్ వానలో పెట్టిన చెంబులాంటిది. పడిన కాంతి కణాల్ని ఎలక్ట్రాన్లుగా మార్చి పోగుచేస్తుంది. నిండాక ఎంత పడ్డా లెక్కకు రాదు. ఆకాశం తెల్లగా కొట్టుకుపోవడమంటే అక్కడి పిక్సెళ్లన్నీ నిండిపోవడమే. చీకటి మూలల్లో ఇంకో ఇబ్బంది ఉంది. కాంతి కణాలు ఒక క్రమంలో రావు, చెదురుమదురుగా వస్తాయి. సగటున పదివేల కణాలు పడే చోట వందకు అటూ ఇటూ తేడా ఉంటుంది, అంటే నూటికి ఒకటి. దాన్ని కన్ను పట్టించుకోదు. సగటున వంద కణాలే పడే చోట తేడా పది, అంటే నూటికి పది. నీడల్లో కనిపించే ఇసక రాల్చినట్టుండే నాయిస్‌లో చాలా భాగం ఇదే. అది వెలుగు స్వభావంలోనే ఉంది, కెమెరా ఎంత మంచిదైనా దాన్ని తీసెయ్యలేదు.

అంకెల్లోకి మార్చేటప్పుడు కూడా నీడలకే అన్యాయం జరుగుతుంది. సెన్సర్ అంకెల్ని దిద్దకుండా దాచే 14 బిట్ల రా ఫైలులో మొత్తం 16,384 మెట్లుంటాయి. అందులో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికంటే వెలుగైన ఒక్క స్టాప్‌కే పోతాయి. మిగిలిన దాంట్లో సగం రెండో స్టాప్‌కు. ఇలా దిగుతూ పోతే పదో స్టాప్‌కు దక్కేవి పదహారు మెట్లే. లేపాక్షి పైకప్పు మీది ఎరుపూ గోధుమా రంగుల ఛాయలన్నీ ఆ పదహారు మెట్లలో ఇరుక్కుంటే, తర్వాత కంప్యూటర్‌లో ఎంత వెలుగు పెంచినా వచ్చేది మచ్చల మచ్చల రంగే. నీడకు దాని వాటా వెలుగు దక్కాలంటే ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వడం తప్ప దారి లేదు. అప్పుడు ఆకాశం పోతుంది. కాబట్టి ఒకటికి మించి ఫొటోలు తీయాలి.

ఈ ఆలోచన డిజిటల్ కాలానిది కాదు. 1850లలో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే సముద్ర దృశ్యాలు తీసేటప్పుడు ఇదే ఇబ్బంది పడ్డాడు. ఆనాటి కొలోడియన్ ప్లేట్లకు నీలి వెలుగంటే విపరీతమైన చురుకు, నీళ్లు సరిగా వచ్చేలోగా ఆకాశం తెల్లబోయేది. ఆయన కొన్ని చిత్రాలకు ఆకాశానికో నెగెటివ్, సముద్రానికో నెగెటివ్ వేరుగా తీసి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీత దగ్గర జోడించి ఒకే ప్రింటు వేశాడు. తర్వాత 1940 ప్రాంతంలో అమెరికాలో యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ సిస్టమ్ రూపొందించారు. దృశ్యంలోని ఏ భాగం ప్రింటులో ఎంత నలుపు, ఎంత తెలుపు కావాలో షట్టర్ నొక్కకముందే నిర్ణయించుకునే పద్ధతి అది. డార్క్‌రూములో ప్రింటు వేసేటప్పుడు చేయి అడ్డుపెట్టి ఒక చోట వెలుగు తగ్గించడం, ఇంకో చోట ఎక్కువసేపు పడనివ్వడం ఆడమ్స్‌కు నిత్యకృత్యం. అణుపరీక్షల పేలుళ్లను ఫొటో తీయడానికి చార్లెస్ వైకాఫ్ వేర్వేరు చురుకుదనాలున్న పొరల్ని ఒకే ఫిల్ము మీద పరిచాడు. ఒక పొర నిండిపోయినా ఇంకో పొర వివరాన్ని దాచేది.

చేతి నైపుణ్యంగా ఉన్నదాన్ని లెక్కగా మార్చినవారిలో ముఖ్యులు పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్. మాలిక్ మథురలో పుట్టి ఐఐటీ కాన్పూర్‌లో చదివినవారు. 1997లో బర్కిలీ నుంచి వీళ్లు వేసిన పరిశోధన పత్రంలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది, స్టాన్‌ఫర్డ్ మెమోరియల్ చర్చి లోపలి దృశ్యం. మూలల్లో చీకటి, పైన రంగుటద్దాల కిటికీలు, కుడివైపు చివరి కిటికీ వెనక నేరుగా సూర్యుడు. దాన్ని 30 సెకన్ల నుంచి సెకనులో వెయ్యోవంతు దాకా, ఒక్కో స్టాప్ తేడాతో పదహారు ఫొటోలు తీశారు. ఆ పదహారింటిలో ఏ ఒక్కటీ చర్చిని పూర్తిగా చూపదు. అన్నీ కలిపి కట్టిన వెలుగు పటంలో మాత్రం చీకటి మూలకూ వెలిగే కిటికీకీ మధ్య రెండున్నర లక్షల రెట్లకు పైబడిన తేడా దొరికింది, దాదాపు 18 స్టాపులు. ఫిల్మైనా కెమెరా ఇచ్చే జేపెగ్ అయినా వెలుగును ఉన్నది ఉన్నట్టు నమోదు చేయదు, తన సొంత వంపుతో వంచుతుంది. ఆ వంపు ఏమిటో బయటి పరికరాలేవీ లేకుండా ఆ ఫొటోల నుంచే రాబట్టడం వాళ్ల పత్రంలోని అసలు విశేషం.

ఆ కలపడం ఎలా ఉంటుందో మన మండపం దగ్గరే చూద్దాం. రా ఫైళ్లలో ఆ వంపు ఉండదు, కాబట్టి వాటితో పని చేస్తున్నాం అనుకుంటే లెక్క సులువు. అయిదు ఫొటోలు తీశాం: 1/250, 1/60, 1/15, 1/4, చివరిది ఒక సెకను. పైకప్పు మీది ఒక పిక్సెల్ మొదటి ఫొటోలో 20 చూపిందనుకోండి. రెండోదాంట్లో 83, తర్వాత 333, 1250, ఒక సెకను ఫొటోలో 5000 చూపుతుంది. ప్రాంగణంలోని ఎండ పడిన రాయి మొదటి ఫొటోలో 12,000 చూపింది, మిగతా నాలుగింట్లోనూ నిండిపోయింది. ఇప్పుడు ప్రతి అంకెనూ దాని ఎక్స్‌పోజర్ సమయంతో భాగించాలి. పైకప్పు విలువ ఏ ఫొటో నుంచి లెక్కేసినా సెకనుకు 5000 వస్తుంది. కానీ 20 చూపిన ఫొటోను నమ్మలేం, దాంట్లో నాయిస్ ఎక్కువ. 5000 చూపినదానికి ఎక్కువ విలువిచ్చి సగటు తీస్తారు. రాయికి నమ్మదగిన అంకె ఒక్కటే ఉంది, దాని విలువ సెకనుకు 30 లక్షలు. రెండింటి మధ్య తేడా 600 రెట్లు. ఫ్రేములోని లక్షల పిక్సెళ్లకూ ఇలాగే చేస్తే వచ్చేది హెచ్‌డీఆర్ ఫైలు. 0 నుంచి 255 దాకా అంకెలుండే జేపెగ్ లాంటి ఫైళ్లలో ఇలాంటి విలువలు పట్టవు కాబట్టి గ్రెగ్ వార్డ్ రేడియన్స్ ఫార్మాట్‌నూ, సినిమా గ్రాఫిక్స్ కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ ఓపెన్‌ఈఎక్స్‌ఆర్‌నూ తయారుచేశారు.

ఈ ఫైలును నేరుగా తెర మీద తెరిస్తే నిరాశే. ఎందుకంటే తెరకు అంత వెలుగు చూపే శక్తి లేదు. ఇక్కడే టోన్ మ్యాపింగ్ అవసరం.

సులువైన దారి, మొత్తం చిత్రానికి ఒకే సూత్రం వర్తింపజేయడం. 2002లో ఎరిక్ రైన్‌హార్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం చిన్నది: వెలుగు విలువను, దానికి ఒకటి కలిపిన విలువతో భాగించాలి. 0.1 వేస్తే 0.09 వస్తుంది, అంటే నీడ దాదాపు అలాగే ఉండిపోతుంది. 1 వేస్తే 0.5. పది వేస్తే 0.91. వంద వేస్తే 0.99. ఎంత పెద్ద అంకె వేసినా ఒకటి దాటదు. వెలుగు ఎంత ఎక్కువైతే అంత గట్టిగా అణుస్తుందన్నమాట. ఆ పత్రం యాన్సెల్ ఆడమ్స్ జోన్ సిస్టమ్‌నే ఆధారం చేసుకుంది. ఈ పద్ధతిలో ఒక లోటుంది. వెలుగు భాగాలన్నీ పైన ఒక్కచోట ఇరుక్కుని మబ్బుల్లోని మెలికలు చదునైపోతాయి.

అందుకని ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకంగా కుదించే పద్ధతులు వచ్చాయి. అదే 2002లో ఫ్రెడో డ్యురాండ్, జూలీ డోర్సీ చూపిన దారి నాకు చాలా ఇష్టం. చిత్రాన్ని రెండు పొరలుగా విడదీస్తారు. ఒకదాంట్లో ఎక్కడ వెలుగు, ఎక్కడ చీకటి అన్న మొత్తం పంపకం ఉంటుంది. రెండోదాంట్లో రాతి గరుకు, బొమ్మ గీత, ఆకు ఈనె లాంటి సన్నని వివరాలుంటాయి. మొదటి పొరను మాత్రమే కుదించి, రెండోదాన్ని ముట్టుకోకుండా మళ్లీ కలిపేస్తారు. ఎండకూ నీడకూ దూరం తగ్గుతుంది, రాతి గరుకు మాత్రం అలాగే ఉంటుంది.

విడదీయడం సరిగా చేయకపోతే ఏమవుతుందో స్తంభం అంచున చూడొచ్చు. నల్లటి స్తంభం పక్కనే తెల్లటి ఆకాశం ఉంది. ఒక పిక్సెల్ చుట్టుపక్కల సగటును బట్టి దాని వెలుగును మార్చే పద్ధతి వాడామనుకోండి. స్తంభాన్ని ఆనుకున్న ఆకాశానికి ఆ సగటులో స్తంభం నలుపు కూడా కలుస్తుంది. ఇక్కడ చీకటిగా ఉంది కాబోలనుకుని సాఫ్ట్‌వేర్ ఆ కాస్త ఆకాశాన్నీ వెలిగిస్తుంది. స్తంభం చుట్టూ తెల్లని అంచు, ఆలయ శిఖరం చుట్టూ వెలుగు వలయం వస్తాయి. దీన్నే హాలో అంటారు. డ్యురాండ్, డోర్సీ వాడిన బైలేటరల్ ఫిల్టర్ ఈ తప్పు చాలావరకు చేయదు. సగటు తీసేటప్పుడు దగ్గరగా ఉన్న పిక్సెళ్లలో వెలుగు కూడా దగ్గరగా ఉన్నవాటినే కలుపుకుని అంచు దాటకుండా ఆగుతుంది.

హాలోలతో పాటు ఇంకో జబ్బు రంగులది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా కుదిస్తే వాటి మధ్య నిష్పత్తి చెడుతుంది. వెలుగు ఒక్కదాన్నే కుదించి రంగుల నిష్పత్తిని అలాగే ఉంచితే కొన్నిచోట్ల రంగు అవసరానికి మించి చిక్కబడుతుంది. 2003లో ఫొటోమ్యాటిక్స్ వచ్చి, 2005లో ఫొటోషాప్ సీఎస్2లో హెచ్‌డీఆర్ చేరాక ఈ స్లైడర్లన్నీ అందరి చేతికీ వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతా ఊదారంగు మబ్బులు, మురికి పట్టినట్టుండే ముఖాలు, ప్రతి గోడకూ వెలుగు అంచులు. నీడ ఉండాల్సిన చోట నీడ లేకపోతే కన్ను వెంటనే పసిగడుతుంది. మండపం లోపల చల్లగా, మసకగా ఉంటుంది. ఆ మసక ఫొటోలోనూ ఉండాలి. బొమ్మ కనబడాలి, కానీ ప్రాంగణమంత వెలుగ్గా కనబడకూడదు. స్లైడర్ ఎక్కడ ఆపాలో నాకు తెలిసిన కొలత ఇదొక్కటే: లోపల ఉన్నది బయట ఉన్నదానికంటే చీకటిగానే కనబడాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను టోన్ మ్యాపింగ్ కంటే ముందు ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ ప్రయత్నించమంటాను. 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ ఈ పద్ధతి ప్రతిపాదించారు. హెచ్‌డీఆర్ ఫైలంటూ కట్టకుండానే, ప్రతి ఫొటోలో ఏ పిక్సెల్ బాగుందో చూసి వాటినే కలుపుతుంది. బాగుండడమంటే మూడు లక్షణాలు: చుట్టుపక్కలతో పోలిస్తే స్ఫుటంగా ఉండడం, రంగు నిండుగా ఉండడం, మరీ నలుపూ మరీ తెలుపూ కాకుండా మధ్యలో ఉండడం. ఫలితం సహజంగా ఉంటుంది, చెడగొట్టడానికి ఎక్కువ అవకాశం ఇవ్వదు. హ్యూగిన్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఈ పనిని ఉచితంగా చేస్తుంది. టోన్ మ్యాపింగ్ నేర్చుకోవాలంటే ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్ కూడా ఉచితమే. రైన్‌హార్డ్ పద్ధతితో సహా చాలా పద్ధతులు అందులో ఉన్నాయి, ఒకే ఫైలు మీద ఒక్కోటి ఏం చేస్తుందో పోల్చి చూడొచ్చు. లైట్‌రూమ్ ఉన్నవాళ్లు అందులోనే ఫొటోలు కలిపి, వచ్చిన ఫైలును మామూలు రా ఫైలులాగే దిద్దుకోవచ్చు.

తీసేటప్పుడు పాటించాల్సినవి కొన్నే. అపర్చర్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ ఒకచోట కట్టేసి షట్టర్ స్పీడు ఒక్కటే మార్చాలి. అపర్చర్ మారిస్తే ఫోకస్ లోతు మారి ఫొటోలు ఒకదానిమీద ఒకటి అతకవు. ఐఎస్ఓ కనిష్ఠంగా, ఫైలు రాలో. ఆటో బ్రాకెటింగ్‌లో రెండేసి స్టాపుల తేడా పెట్టుకుంటే ఎక్కువ దృశ్యాలకు మూడు ఫొటోలు చాలు, లేపాక్షి లాంటి చోట అయిదు. ఎన్ని కావాలో, పిక్సెళ్ల వెలుగు పంపకాన్ని ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా గ్రాఫుగా చూపే హిస్టోగ్రామ్ చెబుతుంది: అన్నిటికంటే చీకటి ఫొటోలో గ్రాఫు కుడి అంచును తాకకూడదు, అన్నిటికంటే వెలుగైన ఫొటోలో మనకు కావలసిన నీడలు గ్రాఫు మధ్యకు రావాలి. రెండు సెకన్ల టైమర్ పెడితే వేలు నొక్కిన కుదుపు ఉండదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి అడగాలి. ట్రైపాడ్ లేనప్పుడు గోడకు వీపు ఆనించి, ఐఎస్ఓ కాస్త పెంచి, వరసగా గబగబా తీయాలి. ఆ కొద్దిపాటి కదలికను సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. వెలుగులు వేరైన ఫొటోల్ని అది ఎలా పోల్చుకుంటుందా అని నాకు మొదట్లో ఆశ్చర్యమేసేది. గ్రెగ్ వార్డ్ 2003లో చూపిన ఉపాయం ముచ్చటైనది. ప్రతి ఫొటోలోనూ పిక్సెళ్లను వెలుగు వరసలో పేర్చి, సరిగ్గా మధ్య విలువకు పైనున్నవి తెలుపు, కిందున్నవి నలుపు చేస్తారు. ఎక్స్‌పోజర్ ఎంత మారినా పిక్సెళ్ల వరస మారదు కాబట్టి అన్ని ఫొటోలూ దాదాపు ఒకే నలుపు తెలుపు బొమ్మగా తేలతాయి. ఇక వాటిని జరిపి అతికించడమే.

కదిలే మనుషుల్ని మాత్రం అలా అతికించలేం. ప్రాంగణంలో నడిచే భక్తుడు అయిదు ఫొటోల్లో అయిదు చోట్ల ఉంటాడు, కలిపితే దయ్యంలా మసకగా తేలతాడు. ఘోస్ట్ తొలగించే సాఫ్ట్‌వేర్ ఆ కాస్త భాగానికి ఒకే ఫొటోను ఎంచుకుంటుంది. గాలికి ఊగే చెట్లు, పరుగెత్తే పిల్లలు ఉన్న దృశ్యానికి ఒకే రా ఫైలును జాగ్రత్తగా దిద్దుకోవడం మేలు.

ఈ బాధ ఫోన్లకు బాగా తెలుసు. 2010లో ఐఓఎస్ 4.1తో ఐఫోన్‌కు హెచ్‌డీఆర్ వచ్చింది. అది వేర్వేరు ఎక్స్‌పోజర్లను కలిపేది. 2013లో నెక్సస్ 5లో గూగుల్ తెచ్చిన హెచ్‌డీఆర్ ప్లస్ దారి మార్చింది. ఆకాశం నిండిపోకుండా, కావాలనే తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒకేలాంటి ఫొటోలు గబగబా తీసి సగటు వేస్తుంది. తొమ్మిది ఫొటోల సగటులో నాయిస్ మూడోవంతుకు పడిపోతుంది, అప్పుడు నీడల్ని భయం లేకుండా వెలిగించొచ్చు. ఒక్కో ఫొటో చాలా తక్కువసేపే కాబట్టి కదలిక ఇబ్బందీ తగ్గుతుంది. చాలా ఫోన్లు మనకు చెప్పకుండానే ఇప్పుడు ఇలాంటి పనే చేస్తున్నాయి. స్నాప్‌సీడ్‌లోని హెచ్‌డీఆర్ స్కేప్ లాంటి ఫిల్టర్లు వేరు. ఒకే ఫొటోలో ఉన్నదాన్ని సాగదీస్తాయంతే, నిండిపోయిన ఆకాశాన్ని అవి తిరిగి తేలేవు.

తెరలూ మారుతున్నాయి. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. మామూలు మానిటర్ 200 నుంచి 300 నిట్ల వెలుగిస్తే, హెచ్‌డీఆర్ తెరల కోసం 2014లో ప్రమాణంగా ఖరారైన పీక్యూ అనే వెలుగు వంపు పదివేల నిట్ల దాకా లెక్క పెట్టుకుంది. వెయ్యి నిట్లు దాటే తెరలు ఇప్పటికే ఫోన్లలో ఉన్నాయి. అలాంటి తెరకు ఇంత గట్టిగా కుదించే పని ఉండదు, ఇవాళ 256 మెట్లలోకి నొక్కిన ఆకాశాన్ని రేపు ఇంకాస్త నిజంగా చూపొచ్చు. కాబట్టి టోన్ మ్యాపింగ్ అయిపోయి జేపెగ్ చేతికొచ్చాక ఆ అయిదు రా ఫైళ్లనూ చెరిపేయకండి. చోటు తక్కువైతే వేరే డిస్కులోకి మార్చి, తేదీ, ఊరు రాసి దాచండి.